రాతి జాలీ వెనక వైపు

నా చిన్నప్పుడు ఎంత బుర్ర గోక్కున్నా అర్థం కాని సంగతులు రెండుండేవి. ఎవరికీ కనపడని రాతి వెనక భాగాన్ని మా జేజినాయన అంత ఓపిగ్గా ఎందుకు నున్నగా చేసేవాడన్నది ఒకటి. మా చిన్నాయన చెప్పే కంప్యూటర్ రెండోది. జేజినాయనంటే మా నాయనకు నాయన, ఆళ్లగడ్డలో రాతి పని చేసేవాడు. చిన్నాయన ఆయన చిన్న కొడుకు. హైదరాబాదులో చదువుతూ, సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ యంత్రం గురించి ఊదరగొట్టేవాడు.

ఆ యంత్రానికి వచ్చింది రెండే మాటలట. ఉంది, లేదు. ఆ రెండింటితోనే లెక్కలు చేస్తుందట, ఉత్తరాలు రాస్తుందట, బొమ్మలు కూడా పంపుతుందట. ఒకప్పుడు గదంత ఉండేదట, ఇప్పుడు బల్ల మీద పట్టేంత అయిందట. రెండే మాటలొచ్చిన బిడ్డను బడిలో కూడా చేర్చుకోరు కదా, దీనికింత గొప్పేమిటని నా అనుమానం. అడిగితే చిన్నాయన నవ్వి నెత్తిన ఒక మొట్టికాయ వేసేవాడు.

ఆ వేసవిలో నంద్యాల నుంచి సాయిబు తాత వచ్చాడు. అక్కడొక దర్గా చూసుకునేవాడు, జేజినాయనకు పాత స్నేహితుడు. దర్గా గోడకు పక్కపక్కనే ఒకే బొమ్మతో రెండు జాలీలు, అంటే గళ్లు గళ్లుగా తొలిచిన రాతి కిటికీలు ఉండేవట. చెట్టుకొమ్మ విరిగి పడి ఒకటి ముక్కలైంది. ఉరుసుకు నెల కూడా లేదు. బోసిపోయిన గోడ ముందు పండగెట్లా చేసేదని ఆయన దిగులు. జేజినాయన కాలు విరిగి కట్టుతో ఉన్నాడు. కూర్చుని ఉలి పట్టగలడు గానీ నంద్యాల పోయి మిగిలిన జాలీని చూసి రాలేడు. ఇంట్లో పనికొచ్చే బండ ఒక్కటే ఉంది. అది చెడితే ఇంకోటి తెప్పించేలోపు ఉరుసు అయిపోతుంది.

నేను పోయి గీసుకొస్తానని అనాల్సిన చిన్నాయన, ఎవరూ పోనక్కర్లేదు, బొమ్మను ఫోన్‌లోనే తెప్పిస్తానన్నాడు. జాలీకి వరుసకు పదహారు గళ్లు. గడిలో రంధ్రముంటే ‘ఉంది’, మూసి ఉంటే ‘లేదు’ అని సాయిబు తాత చదివితే చాలట. జేజినాయన కొడుకు ముఖం చూసి సరేనన్నాడు. ఆ ముచ్చట కాదనలేకపోయాడని ఇప్పుడనుకుంటాను.

మూడో నాడు ఊళ్లో ఫోనున్న ఎరువుల కొట్టుకు నంద్యాల నుంచి ట్రంకు కాల్ వచ్చింది. చిన్నాయన ఫోన్ చెవిన పెట్టుకుని ఉంది, లేదు, లేదు, ఉంది అని పలుకుతుంటే నేను ‘ఉంది’ అన్న గడినల్లా నలుపు చేస్తూ గళ్ల కాగితం నింపాను. ఎరువుల కోసం వచ్చిన రైతులు మమ్మల్ని ఎగాదిగా చూశారు. చివరి వరుస అయ్యాక కాగితం ఎత్తి చూస్తే, ఆకులతో ఒక పక్కకు వాలిన తీగ. ఎవరూ గీయకుండానే అది నా కాగితంలోకి ఎట్లా వచ్చిందో నాకంతు పట్టలేదు.

జేజినాయన పని మొదలుపెట్టాడు. ముందు వైపు ముగించి, బండను తిరగేయించి వెనక వైపు కూడా అంతే శ్రద్ధగా, ప్రతి గడి అంచునూ నూరాడు. అది దర్గా లోపలి చీకట్లోకి పోయేదే కదా, ఎందుకంత కష్టమని చిన్నాయన విసుక్కున్నాడు. ఆయన పక్క గడి నూరడం మొదలుపెట్టాడు.

ఉరుసుకు ముందు రోజు అందరం జీపులో నంద్యాల పోయాం. జాలీని పాతదాని పక్కన నిలబెట్టగానే తేడా తెలిసిపోయింది. పాత తీగ పడమటికి వాలింది, మాది తూర్పుకు. రాసింది నేను, కాబట్టి తప్పు నాదేనని ఏడుపు ముంచుకొచ్చింది. చిన్నాయన కాగితం తిప్పి తిప్పి చూశాడు, ఏమీ దొరకలేదు. చివరికి సాయిబు తాతను మొదటి వరుస మళ్లీ వేలితో చూపించి చదవమన్నాడు. ఆయన వేలు కుడి అంచు నుంచి బయల్దేరింది. చిన్నప్పటి నుంచీ ఉర్దూ రాసిన చెయ్యి అది. నేనేమో తెలుగు రాసినట్టు ఎడమ నుంచి నింపాను. ఇద్దరం చేసిందీ సరైనదే, బండ మాత్రం చెడింది. సాయిబు తాత తలగుడ్డ తీసి కళ్లు ఒత్తుకున్నాడు.

కట్టు కాలు చాపుకుని జీపులోనే కూర్చున్న జేజినాయన అక్కడి నుంచే అన్నాడు.

“దాన్ని తిప్పి పెట్టండప్పా.”

తిప్పారు. తీగ పడమటికి వాలింది. వెనక వైపు ఇప్పుడు ముందు వైపైంది, ఎక్కడా ఒక్క గరుకు లేదు. సాయిబు తాత జాలీని అరచేత్తో నిమిరి, వచ్చి జేజినాయన చేతులు పట్టుకున్నాడు.

తిరిగి వస్తుంటే జీపులో అడిగాను, ఇట్లా అవుతుందని నీకు ముందే తెలుసా అని. ఆయన రోడ్డు చూస్తూనే అన్నాడు.

“ఎవురు యాడ నుంచి చూస్తారో మనకేం తెలుసు పాపా. రెండు పక్కలా చేసి పెట్టాల.”

తెలుసన్నాడో లేదన్నాడో నాకు ఇప్పటికీ తేలలేదు. తర్వాత నేను పనిచేసిన ఆఫీసుకే కంప్యూటర్లు వచ్చాయి. నల్లటి తెర పోయి రంగుల తెర వచ్చింది, ఫ్లాపీలు పోయాయి, ఇంటర్నెట్ వచ్చింది, అంతా చేతిలో పట్టే ఫోన్‌లోకి దిగింది. ప్రతిదాన్నీ అయోమయంగానే నేర్చుకున్నాను. ఎవరితోనైనా లెక్క కలవకపోతే మాత్రం తప్పెవరిదని అడగలేదు. నువ్వు ఏ చివర నుంచి మొదలుపెట్టావని అడిగాను. ఇంట్లో గొడవల్లో కూడా అదే అడుగుతాను.

మొన్న మా మనవరాలితో ఆళ్లగడ్డ బస్టాండులో టీ తాగి, డబ్బులు కట్టడానికి గోడకు అంటించిన నలుపు తెలుపు గళ్ల కాగితం దగ్గరికి పోయాం. అచ్చం జాలీలాగే ఉంది. ఆ పిల్ల ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంది. అట్లా చదవదేమోనన్నాను. ఎట్లా పట్టుకున్నా చదువుతుంది జేజీ అంటూ, మూలల్లోని మూడు పెద్ద గళ్లు చూపించింది. ఏ పక్క పై వైపో ఫోన్‌కు అవే చెబుతాయట.

బస్సు వచ్చిందని ఆ పిల్ల చెయ్యి పట్టి లాగుతున్నా నేను ఆ కాగితం ముందు నుంచి కదల్లేకపోయాను. దీన్ని చేసినవాళ్లెవరో నాకు తెలియదు. వాళ్లింట్లోనూ ఒక జేజినాయన ఉండే ఉంటాడు.