మొదటి పేరు

మా బాపుది ఛత్తాబజార్‌లో పెండ్లి పత్రికలు అచ్చేసే దుకాణం. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు, ఏ భాషలోనైనా పేర్లు మాత్రం తడుముకోకుండా చదువుతాడు. మిగతాది ఆయనకు అక్కర్లేదు. ముహూర్తం తప్పు పడితే పంతులు ఎలాగో సర్దుకుంటాడు గాని, పేర్లు కిందిమీదయితే ఆ పెండ్లిలో లొల్లి తప్పదంటాడు. తమ పేరు కింది వరుసలో పడిందని అలిగి, మేనకోడలి పెండ్లికే రాని మేనమామలు ఆయనకు చాలామంది తెలుసు.

అలాంటి ఇంట్లో పుట్టి నేను డాక్టర్నయ్యాను. ఊపిరితిత్తుల మీద పరిశోధన చేశాను. చివరికి పోయిపోయి పేర్ల వరుస దగ్గరే ఇరుక్కున్నాను.

ఆ పరిశోధన మొదలుపెట్టింది కాలేజీలో నాకు వైద్యం నేర్పిన డాక్టరు, మా సార్. బేగంబజార్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీలు ఎందుకంతగా దగ్గుతారన్నది ఆయన ప్రశ్న. ఊపిరి కొలిచే యంత్రం సంచిలో వేసుకుని, పొద్దున్నే గోదాముల ముందు స్టూలు మీద కూర్చునేవారు. "ఫూంకో భాయ్, ఔర్ జోర్ సే!" అని ఆయన అరుస్తుంటే, ఊదేవాడి కంటే చుట్టూ చూసేవాళ్ల బుగ్గలే ఎక్కువ ఉబ్బేవి. నేను పక్కన నిలబడి, మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ అంకెలు రాసుకునేదాన్ని. కొలతలన్నీ అయిపోయి, ఇక పేపర్ రాయడమే మిగిలిందనుకుంటున్న రోజుల్లో సార్ గుండె ఆగి పోయారు.

పేపర్ రాసింది నేను. లెక్కలు కట్టింది నేను. ఆ ఏడాది మా కాలేజీలో ప్రమోషన్ ఇంటర్వ్యూలు ఉన్నాయి. మా లోకంలో మనిషి విలువ రెండు లెక్కల్లో తేలిపోతుంది. ఎన్ని పేపర్లు అచ్చయ్యాయి, వాటిని ఎంతమంది తమ పేపర్లలో పేర్కొన్నారు. ఈ రెండోదాన్ని సైటేషన్ అంటాం. దీనికి తోడు మా కాలేజీ ఇంకో మెలిక పెట్టింది. పేపర్ మీద మొదటి పేరు మనదైతేనే మార్కులు. నాకు అలాంటి పేపర్ ఒక్కటి తక్కువ పడింది. ఇది నా పేరుతో మొదలైతే ప్రమోషన్ వచ్చినట్టే. సార్ సంగతి ఏం చేయమంటారని మా హెడ్‌ను అడిగాను. "పోయినాయనకు ప్రమోషన్ ఎందుకమ్మా? చివర్ల థాంక్స్ చెప్పు, చాలు" అన్నారు. మాట మొరటుగా ఉన్నా తప్పని అనిపించలేదు.

ఇంట్లో ప్రింటర్ పాడై ఉంటే, రాసిన పేపర్ కాపీ తీసుకోవడానికి బాపు దుకాణానికి వెళ్లాను. ఆయన అలవాటు కొద్దీ కళ్లద్దాలు పైకి నెట్టి పేర్లు చూశాడు. నా పేరు, హెడ్ పేరు, ల్యాబ్‌లో సాయం చేసిన అమ్మాయి పేరు.

"మీ సార్‌ది ఏదీ?"

"ఆఖర్ల ఉన్నది బాపూ. థాంక్స్ చెప్పిన."

పేజీలు తిప్పి ఆఖరున చూశాడు. "బంధుమిత్రుల అభినందనలతో అన్నకాడ కలిపినవా ఆయన్ని?"

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. "గిది పెండ్లి పత్రిక కాదు బాపూ. సార్ లేడిప్పుడు."

"లేకుంటె ఏంది? తాత పోయిండని పత్రికల తాత పేరు తీసేస్తరా? కీర్తిశేషులని పెట్టి అందరికన్న మీద వేస్తరు. బతికున్నోళ్లందరు ఆయన కిందనే."

"మొదటి పేరు నాది గాకుంటె నా ప్రమోషన్ పోతది."

ఆయన కాగితాలు నా చేతికిచ్చాడు. "గట్లయితే మస్తు కష్టమే బిడ్డా" అని, ఎవరిదో గృహప్రవేశం కార్డులు కట్టలు కట్టే పనిలో పడ్డాడు. పట్టుబడితే నేనూ గట్టిగా వాదించేదాన్ని. అలా వదిలేశాడు చూడండి, అదే నా ప్రాణం తీసింది.

ఆ తర్వాత ఆ ఫైలు తెరవడం, పేర్లు అటూ ఇటూ మార్చడం, మూసేయడం, ఇదే పని. సార్‌ది రెండో పేరుగా పెట్టి చూశాను. రాసినవాళ్లదే మొదటి పేరు కదా అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అందులో అబద్ధమేమీ లేదు. కానీ అక్కడ రాయవలసిన సంగతి ఒకటుందని కనిపెట్టింది ఆయన. నేను చిన్నప్పటి నుంచి ఆ బజారుకు పప్పులకూ ఉప్పులకూ పోతూనే ఉన్నాను, ఆ దగ్గు వింటూనే ఉన్నాను, నాకు ఒక్కనాడూ ఎందుకన్న ప్రశ్న పుట్టలేదు. చివరికి సార్ పేరే మొదట పెట్టాను. ఆయన ఇప్పుడు లేరని కింద చిన్న అక్షరాల్లో రాశాను. ఎవరైనా ఏమైనా అడగాలంటే నాకు రాయమని నా ఈమెయిల్ ఇచ్చి పంపేశాను. ఆ రోజంతా బాపుతో మాట్లాడలేదు.

ప్రమోషన్ రాలేదు. నా తర్వాత చేరినవాడు నన్ను దాటి పైకి వెళ్లాడు. బాధ పడలేదంటే పచ్చి అబద్ధం. అతనికి అభినందనలు చెప్పి, బాత్రూంలోకి పోయి ఏడ్చాను.

విచిత్రం ఏమిటంటే, నేను రాసినవాటన్నిటిలో బాగా నడిచింది ఆ ఒక్కటే. దుమ్ము గురించీ దగ్గు గురించీ ఏ దేశంలో ఎవరు రాసినా దాన్ని పేర్కొంటారు. పేర్కొన్నప్పుడల్లా సార్ పేరు ఒక్కటే కనిపిస్తుంది, మేమంతా 'తదితరులు'. నా పేరుతో మొదలయ్యే పేపర్లను నేను తప్ప ఎవరూ తలుచుకోరు. సొమ్మొకడిది సోకొకడిది అని పైకి అనలేదు గాని, లోపల చాలాసార్లు అనుకున్నాను. సార్ బతికుండగా ఆయన మీద నాకు ఎప్పుడూ అసూయ లేదు. పోయాకే పుట్టింది.

పోయిన నెల, పేపర్ మీదున్న నా ఈమెయిల్‌కు ఒక ఉత్తరం వచ్చింది. విదేశంలో జరిగే పెద్ద సదస్సు వాళ్లు సార్ పేరు పెట్టి రాశారు. మీ పరిశోధన మాకు దారి చూపించింది, మీరే వచ్చి మొదటి ప్రసంగం చేయాలి అని. కింద చిన్న అక్షరాల్లో ఉన్నది ఎవరు చదువుతారు? పేర్కొనేవాళ్లు పెద్ద అక్షరాలు చదివితేనే గొప్ప. మెయిల్ చూసి ముందు మండిపోయాను. తర్వాత దాన్ని ప్రింట్ తీసుకుని, సైదాబాద్‌లో సార్ ఇంటికి వెళ్లాను. ఆ ఇంట్లో ఇప్పుడు సార్ భార్య, మా మేడం ఒక్కరే ఉంటారు.

మేడం బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఆ కాగితం మొత్తం చదివి, మళ్లీ పైకి వచ్చి సార్ పేరు ఉన్నచోట ఆగారు.

"గిప్పటికి గూడ పిలుస్తున్నరా ఈయన్ని?"

"తెల్వక పిలిచిన్రు మేడం. నేను జవాబు రాయాలె. ఏమని రాయమంటరు?"

"రాలేరని రాయి."

"సార్ పోయిన సంగతి..."

"అది రాయకు బిడ్డా. రాస్తే మళ్ల పిలువరు."

నేను ఆమె పక్కనే కూర్చుని ఫోన్ తీశాను. ఈ ఏడాది డాక్టర్ గారికి వీలుపడదని రాసి పంపాను.