అమ్మ కంటికి ఆనని ఎరుపు

అమ్మ పోయిన ఏడాదికి, మొన్న కారం పట్టించడానికి తెచ్చిన మిరపకాయల సంచి విప్పగానే ఘాటుకి తుమ్ములొచ్చాయి. ముప్పాళ్ళ దగ్గర మా ఊళ్లో మిరపకాయలు ఆరబోసే కళ్లం గుర్తొచ్చింది.

ఉగాది వెళ్లిన రోజులవి. పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తిని, ముక్కుకి పాతచీర పేలిక కట్టుకుని, ఎండ ముదరకముందే ఆడవాళ్లంతా కాయల చుట్టూ చేరి, మంచికాయ ఒకవైపు, రంగు పోయి తెల్లబడిన తాలుకాయ మరోవైపు వేస్తూ, తుమ్ముతూ, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూ మధ్యాహ్నం దాకా ఏరేవాళ్లు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఏరడంలో అమ్మ చెయ్యి అందరికంటే వడి. ఆ ఏడు మాత్రం ఆమె వేసే తాలులో నిగనిగలాడే కాయలు పడుతున్నాయి.

"ఏమే, బంగారం లాంటి కాయని తాలులో ఏత్తన్నావేంది? నీ మొగుడి మీద కోపమా?" అంది పక్కింటి సుబ్బమ్మత్త. అందరూ నవ్వారు.

"ఈ కంటికి అన్నీ ఎలిసినట్టే కనపడతన్నయి వదినా," అని అమ్మ ఒక కాయ ఎత్తి పట్టుకుంది. ఒక కన్ను మూసింది, తర్వాత రెండోది. "ఇట్టా చూస్తే ఎరుపు, ఇట్టా చూస్తే కాదు. నువ్వూ చూడవే," అంది నాతో.

ఆటనుకుని చూశాను. నాకు రెండు కళ్లకీ ఎరుపే.

"అమ్మ అబద్ధం చెప్తంది అత్తా," అన్నాను, అందరికీ వినపడేలా.

కంట్లో కారం దుమ్ము పడిందన్నారు. నందివర్ధనం పూల రసం పిండారు. రెండు నెలలకి చూపు తిరిగొచ్చింది, ఆ పేరు పూలకి దక్కింది. మరో రెండేళ్లకి కాళ్లు తిమ్మిరెక్కాయి. చెప్పు జారిపోయినా తెలియక నడిచేది. అదీ తగ్గింది, పూర్తిగా మాత్రం కాదు. ఎండ వేళ చేలో కూలబడేది, పొద్దు వాలి చల్లబడ్డాక లేచి నడిచేది. "పనన్నప్పుడే వస్తయ్యే నీకు నొప్పులు," అనేవాడు నాన్న. నేనూ అదే అనుకున్నాను.

నా ఇంటర్ రోజుల్లో గుంటూరులో స్కాన్ తీసి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నాడు డాక్టరు. మనిషిని కాపాడాల్సిన శక్తే నరాల మీది పొరను తినేస్తుందని, జబ్బు మొదట్లో వచ్చి పోతుంటుందని, పోతూ పోతూ ఎంతోకొంత పట్టుకుపోతుందని, ఒళ్లు వేడెక్కితే ఆ కాసేపు కాళ్లు మాట వినవని చెప్పాడు. "మొదట్లో ఒక కంటికి ఎరుపు వెలిసినట్టు కనిపించిందా అమ్మా?" అని అడిగాడు.

అమ్మ తలూపింది. నా వైపు చూడలేదు.

తర్వాత అది వచ్చి పోవడం మానేసి, ఉండిపోయింది. ఫలానా రోజున నడక ఆగిందని చెప్పలేను. కర్ర ఎప్పుడు పట్టిందో, గోడ ఆసరా ఎప్పటినుంచి చాలలేదో గుర్తు లేదు. నిరుటితో పోల్చుకుంటేనే తేడా తెలిసేది.

కళ్లం ఇప్పుడు ఇళ్ల ప్లాట్లయింది. సుబ్బమ్మత్త కూడా లేదు. సంచిలోంచి ఒక కాయ తీసి, ఒక కన్ను మూసి చూశాను, తర్వాత రెండోది మూసి చూశాను. రెండింటికీ ఎరుపే.

చూపు తిరిగొచ్చిందని మేమంతా సంతోషపడ్డప్పుడు, ఎరుపు కూడా మొత్తం తిరిగొచ్చిందా అని అమ్మను నేనెప్పుడూ అడగలేదు.