పవిత్ర రైల్లో అవ్వకు చెప్పిన మాట

ఈ రోజు తిరువళ్ళూరు ఆస్పత్రి నుంచి రైల్లో తిరుత్తణికి తిరిగొచ్చాం. పదేళ్ళ మా అమ్మాయి పవిత్రకు పుట్టుకతోనే ఒక అరుదైన జన్యులోపం ఉంది. కళ్ళు పైకీ కిందికీ కదులుతాయి గానీ పక్కలకు తిరగవు. దాంతోపాటే వెన్నెముక ఏటేటా వంకర పోతోంది. ఇక వెన్నుకు కట్టే బెల్టుతో లాభం లేదు, ఆపరేషన్ చేయాల్సిందేనని డాక్టర్ చెప్పేశారు. అప్పటినుంచీ పిల్ల నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.

రైల్లో పక్కన కూర్చున్న ముసలావిడ బుట్టలో కోడిపిల్లలున్నాయి. పవిత్ర మాటిమాటికీ అటు తిరిగి చూస్తోంది.

"ఏమ్మా, అట్ల తలంతా తిప్పి చూస్తా ఉండావే, మెడ పట్టుకునిందా?" అని అడిగిందావిడ.

"లేదవ్వా, నా కండ్లు పక్కకి తిరగవు. అందుకే తల తిప్పాల."

ఇలాంటప్పుడు జనం చెప్పే నాటు వైద్యాలన్నీ నాకు కంఠతా వచ్చు. ఆవిడ అవేవీ చెప్పలేదు. "అప్పిడియా తంగం, అట్లనా బంగారూ? అయితే నేనే నీకెదురుగా వస్తా ఉండు" అంటూ ఎదురు సీటాయన్ను జరగమని, బుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పవిత్ర ఆవిణ్ణి నేరుగా చూస్తూ, "అవ్వా, నా వీపు కోస్తారంట. శానా భయంగా ఉంది" అంది.

"భయం లేకుండా ఎట్ల ఉంటాది? కంటాపరేషనప్పుడు నాకూ భయమేసింది. అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకో."

పట్టుకుంది. తిరుత్తణి వచ్చేదాకా వదల్లేదు.

నాకు చెప్పని మాట ముక్కూమొహం తెలియని అవ్వకు చెప్పిందని కాస్త కుళ్ళుగానే ఉంది. మీ పిల్లలూ ఇంతేనా?