తలుపు దగ్గరి కుర్చీ

హైటెక్ సిటీలోని మా ఆఫీసులో ఎవరైనా కుర్చీని బరబరా లాగితే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆ చప్పుడు వెంటే సరళ మేడమ్ గుర్తొస్తారు. వరంగల్‌లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాక, నార్సింగి దగ్గర ఒక ఆశ్రయంలో మాలాంటి వాలంటీర్లకు ఆవిడ శిక్షణ ఇచ్చేవారు. ఇక నయం కాదని తేలిన రోగులు చివరి రోజులు గడిపే చోటది. నేనేమీ సేవాభావంతో చేరలేదు. అమ్మకు ఇక మందులు పనిచెయ్యవని డాక్టరు చెప్పేశారు. నిజాంపేటలోని మా ఇంట్లో ఆమె గదిలోకి అడుగుపెట్టాలంటేనే నాకు వణుకు. ఆఖరి ఘడియలో అమ్మను వదిలి పారిపోతానేమోనన్న భయమే నన్ను అక్కడికి నడిపించింది.

మొదటి రోజు ఒక పెద్దాయన దగ్గర కూర్చోమన్నారు. ఆయన ఊపిరి ఆగి ఆగి వస్తోంది. అది ఆగినప్పుడల్లా నా ఊపిరీ ఆగింది. కుర్చీ తలుపు పక్కనే వేసుకుని, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి మేడమ్ వచ్చారు.

“ఆడ కూసున్నవేందమ్మా? నిన్ను చూడాలంటె ఆయన మెడ తిప్పాలె. గా తిప్పలు ఆయనకెందుకు?”

“భయమేస్తోందండి,” అన్నాను.

“నాకు భయం కాదా? ఇన్నేండ్ల సంది వస్తున్న, గీ గడప దాటేటప్పుడు ఇప్పటికీ కాళ్లు వణుకుతయి. భయం పోయినంక వస్తనంటె ఎన్నడూ రావు. దాన్ని గూడ తోలుకొనే రా.”

అంటూనే ఆవిడ కుర్చీని మంచం దాకా బరబరా లాగారు. ఆ చప్పుడుకు పెద్దాయన కళ్లు తెరిచి నన్ను చూశారు. మెల్లగా మళ్లీ కళ్లు మూసుకున్నారు.

శిక్షణ పూర్తికాకముందే అమ్మ ఊపిరి కూడా అలాగే ఆగి ఆగి రావడం మొదలైంది. ఆ మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గరి కుర్చీని ఈడ్చుకుంటూ ఆమె గదికి వెళ్లాను. తలుపు దగ్గర కాళ్లు మొరాయించాయి. కుర్చీ అక్కడే వేసేసేదాన్నే. మేడమ్ మాట గుర్తొచ్చి, మంచానికి ఆనించి వేసుకున్నాను. అమ్మ మెడ తిప్పకుండానే నన్ను చూసింది.

“ఎందుకే అలా వణికిపోతున్నావు?”

“భయంగా ఉందమ్మా.”

“నాకూ భయంగానే ఉందే. ఇక్కడే కూర్చో,” అని చెయ్యి చాపింది.

అన్నాళ్లూ భయం నా ఒక్కదానిదే అనుకున్నాను. ఆ చెయ్యి చల్లబడేదాకా నేను లేవలేదు.

ఇప్పుడు సరళ మేడమ్ కూడా లేరు. నేను నార్సింగి వెళ్తూనే ఉన్నాను. గడప దగ్గర కాళ్లు ఇంకా వణుకుతాయి. వణుకుతూనే కుర్చీని మంచం దాకా లాక్కుంటాను.