టీవీలో కోడలు ఏమంది?

టీవీ పాడైపోయిందన్న సంగతి ఆ ఇంట్లో మిషనమ్మకి తెలిసేసరికి సీరియల్ సగం అయిపోయింది. అలాగని ఆమె ఎక్కడో లేదు, అదే గదిలో ఉంది. ఎప్పటిలాగే కిటికీ పక్కన కూర్చుని స్కూలు చొక్కాలకి జేబులు కుడుతూ, ఎప్పటిలాగే "ఇప్పుడేం చేస్తోందత్తయ్యా?" అని కేకేసింది. జవాబు రాలేదు. ఇంకాస్త గట్టిగా అడిగింది.

"ఏం చేస్తుందే, చీకట్లో కూర్చుంది!" అంది అత్తగారు విసుగ్గా.

కథలో కరెంటు పోయిందేమో అనుకుని మిషనమ్మ ఇంకో జేబు కుట్టేసింది. అంతలో అనుమానం వచ్చి వెనక్కి తిరిగి చూస్తే తెర మొత్తం నల్లగా ఉంది. లోపలి మనుషులు మాత్రం తమకేమీ కానట్టు మాట్లాడేసుకుంటున్నారు. "ఎంతకీ తెల్లారదేమిటా అనుకుంటున్నా," అంది అత్తగారు. అంటే టీవీ అత్తగారికి పోయింది, కోడలికింకా పోలేదు.

ఈ ముక్క అర్థం కావాలంటే ఆ గది సంగతి కాస్త చెప్పాలి. ఇల్లు కట్టించినాయన ప్లగ్గు ఏ గోడకి పెట్టించాడో టీవీ అక్కడే ఉండాలి. వెలుతురు ఏ కిటికీలోంచి వస్తుందో కుట్టుమిషను అక్కడే ఉండాలి. ఆ గోడకీ ఈ కిటికీకీ పొత్తు కుదరలేదు. దాంతో మిషనమ్మ పెళ్ళై వచ్చిన నాటి నుంచీ టీవీకి వీపు పెట్టుకునే బతుకుతోంది. సీరియల్లో వాళ్ళు ఏళ్ళ తరబడి ఆమె వీపు చూస్తున్నారు గానీ, ఆమె వాళ్ళ మొహాలు తీరిగ్గా చూసిన పాపాన పోలేదు. సూది కదులుతుంటే తల తిప్పితే వేలు పోతుంది మరి.

అత్తగారిది ఇంకో తీరు. ఆవిడ వయసంతా దారం మిల్లులో గడిపింది. ఆ హోరులో చెవులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చింది. గట్టిగా కేకేస్తే వినిపిస్తుంది, లేకపోతే లేదు. డాక్టరు ఇచ్చిన చెవి మిషను పెట్టుకుంటే ఈల వేస్తోందని దాన్ని తీసి బొత్తాల డబ్బాలో పడేసింది. "ఇంట్లో ఒక మిషను చాల్లే," అంది.

అలా ఒకరు చూస్తారు, ఒకరు వింటారు. "కళ్ళొత్తుకుంటోంది", "సూటుకేసు తీసింది" అని అత్తగారు చెబుతుంది. "ఏమందే?" అని అడుగుతుంది. ఏమందో కోడలు కేకేసి చెబుతుంది. ఇద్దరూ కలిస్తే ఒక టీవీ. ఒకసారి సీరియల్లో లాయరు వేషం వేసేవాణ్ణి మార్చేసి, గొంతు మాత్రం పాతదే ఉంచేశారు. కొత్త మొహం చూసి వీడెవడో లాయరు ఇంట్లో దూరిన దొంగ అని అత్తగారు, కాదండీ బాబూ సాక్షాత్తూ లాయరేనని కోడలు. వాడి మూలాన రెండ్రోజులు ఇంట్లో మాటల్లేవు.

ఇక అసలు రహస్యం. మిషనమ్మ కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు నోట్లో నాలుక లేని మనిషి. అత్తగారేమో మిల్లు గొంతుతో "ఉప్పు డబ్బా ఎక్కడ?" అన్నా కొట్టడానికి వస్తున్నట్టు ఉండేది. కిమ్మనకుండా తలొంచుకుని మిషను తొక్కేది ఈవిడ. ఒక ఎండాకాలం మధ్యాహ్నం అత్తగారు అలవాటుగా "టీవీలో ఆ కోడలు ఏమందే?" అని అడిగింది. నిజానికి ఆ కోడలు బ్యాంకు లాకరు గురించి ఏదో అంది. మిషనమ్మకి పొద్దుటి నుంచీ గొంతెండిపోతోంది. ఏ దేవత నాలుక మీద కూర్చుందో గానీ, "అత్తయ్యా, నేనూ మనిషినే, ఒక గ్లాసు మంచినీళ్ళు ఎవరైనా అందిస్తే బావుండును, అందండీ," అనేసింది.

అత్తగారు కాసేపు తెరకేసి చూసింది. లేచి లోపలికి వెళ్ళింది. వచ్చి, గ్లాసు మిషను బల్ల మీద పెట్టింది. "ఆ టీవీ అత్త ఇవ్వదు, రాక్షసి," అంది.

అది మొదలు. తను అనలేనిదల్లా మిషనమ్మ ఆ టీవీ కోడలి చేత అనిపించింది. వంటలో వంకలు పెడితే నొచ్చుకుంటానని అనిపించింది. పిల్లకి జ్వరం వస్తే భయంగా ఉందని అనిపించింది. ఒక్కోసారి, చెప్పాలంటే సిగ్గేసి, "మీరు లేకపోతే ఈ ఇంట్లో నాకు తోచదత్తయ్యా" అని కూడా అనిపించింది. గయ్యాళి అత్తతో ఆ కోడలు అంత ప్రేమగా ఎందుకు మాట్లాడుతోందో ఆ కథ రాసినవాడికి కూడా తెలియదు. ఎదురింటావిడ ఒకసారి కిటికీలోంచి తొంగి చూసి, "అదే సీరియల్ మా ఇంట్లోనూ చూశా, అలా అన్లేదే!" అంది. మిషనమ్మ మిషను ఆపకుండానే, "మీ టీవీ పాతదైపోయుంటుందండీ," అంది.

సరే, ఇప్పుడు పాతదైపోయింది తమ టీవీయే. ఆదివారం నాడు నలుగురూ కొట్టుకి బయల్దేరారు. మిషనమ్మ మొగుడు బస్సు డ్రైవరు. బస్సు అద్దం అంత టీవీ ఉంటే తప్ప ఆయన కంటికి ఆనదు. కాలేజీ చదువుతున్న కూతురు దారి పొడవునా ఫోన్లో ఏవో బొమ్మలు చూపిస్తూ, "ఇది స్మార్టు, నాన్నా, మనం మాట్లాడితే వింటుంది," అంది. "ఇంట్లో ఒక్కళ్ళైనా నా మాట వింటారంటే అదే తీసుకుందాం," అన్నాడాయన.

కొట్లో గోడ నిండా టీవీలు. అన్నిట్లో ఒకే సముద్రం, ఒకే చేపలు, అన్నీ మూగవే. తండ్రీ కూతుళ్ళు నోరు తెరుచుకుని ఆ చేపల్ని చూస్తూ నిలబడ్డారు. మిషనమ్మ మాత్రం సేల్స్‌మన్‌ని పిలిచి, "కాస్త గొంతు పెట్టండి," అని, టీవీకి వీపు పెట్టి నిలబడింది. ఏదో వార్తల చానెల్ పెట్టాడతను.

"డబ్బాలో తలపెట్టి మాట్లాడుతున్నట్టు ఉంది. తర్వాతది," అంది.

"ఒక్కసారి ఇటు చూడండి మేడమ్, రంగులు..."

"రంగులు మా అత్తయ్య చూస్తారు."

అత్తగారు నిజంగానే చూస్తోంది. ఒక్కో టీవీ ముందు నిలబడి, ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి, పెదవి విరుస్తోంది. "చేపలెందుకు బాబూ, మనుషుల్ని పెట్టు. నోరు కనిపించాలి నాకు, నోరు!" అంది కొట్టు అదిరేలా. పక్కన కొనుక్కునేవాళ్ళు ఉలిక్కిపడ్డారు. టీవీలో అందరూ కళ్ళు చూస్తారు, బట్టలు చూస్తారు, ఈవిడకి నోరెందుకో ఎవరికీ అర్థం కాలేదు. పెద్దావిడ చాదస్తం అనుకున్నారు.

ఒకరు అటు తిరిగి, ఒకరు ఇటు తిరిగి, పెళ్ళిచూపుల్లో కూడా అంత పట్టింపు లేనట్టు వరసంతా జల్లెడ పట్టారు. చివరికి అందరికంటే పెద్దదీ కాదు, అందరికంటే పల్చనిదీ కాదు, మధ్యరకంది ఒకటి ఇద్దరికీ నచ్చింది. గొంతు గదిలో మనిషి మాట్లాడినట్టు ఉందని కోడలు, నోరు చక్కగా కనబడుతోందని అత్తగారు. డ్రైవరుగారు మొహం వేలాడేసుకుని సరేనన్నాడు. కథ అక్కడితో అయిపోవాల్సింది. కానీ ఆ సేల్స్‌మన్ మంచివాడు. మంచివాళ్ళతోనే చిక్కు. అత్తగారు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం చూసి, లోపలికెళ్ళి ఒక హెడ్‌ఫోను తెచ్చాడు.

"ఇది పెట్టుకుంటే మామ్మగారికి అంతా స్పష్టంగా వినిపిస్తుంది సార్. టీవీ గొంతు నేరుగా చెవిలోకే వస్తుంది, బయటికి రాదు. ఇంట్లోవాళ్ళకి గోల ఉండదు."

కూతురు ఎగిరి గంతేసి దాన్ని నానమ్మ తలకి తగిలించింది.  అత్తగారి మొహం విప్పారింది. "ఓసి, ఊపిరి పీల్చడం కూడా వినబడుతోందే!" అంది. డ్రైవరుగారి కళ్ళు చెమర్చాయి. అమ్మ ఏదైనా అంత సులువుగా వినడం ఆయన చూసి ఎన్నాళ్ళైందో. "ఏమంటావే?" అన్నాడు పెళ్ళాంతో.

మిషనమ్మకి మాత్రం బెంగ పట్టుకుంది. ముసలావిడ చెవులకి మాట అందుతుంటే సంతోషించాల్సింది పోయి ఈ బెంగేమిటని తనని తనే తిట్టుకుంది. ఇన్నేళ్ళ అబద్ధం బయటపడుతుందన్న భయం ఒకటి. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది, రేపటి నుంచి ఆవిడ తనని ఏమీ అడగదు. అడగకపోతే తను చెప్పేదేమీ ఉండదు. "తీసుకోండి, దానికి ఆలోచనెందుకు," అని నవ్వు మొహం పెట్టి చెప్పింది. ఆ నవ్వు ఆమెకే అతుకు వేసినట్టు అనిపించింది.

మర్నాడు టీవీ గోడెక్కింది. మధ్యాహ్నం మొగుడూ పిల్లా బయటికి పోయాక అత్తగారు హెడ్‌ఫోను తగిలించుకుని కూర్చుంది. గదిలో చప్పుడన్నది లేదు. మిషను ఆపితే గడియారం వినబడుతోంది. వెనక నుంచి అప్పుడప్పుడూ అత్తగారు ఒక్కతే నవ్వడం, ఒక్కతే "అయ్యో" అనడం. మిషనమ్మకి ఇప్పుడు కళ్ళూ లేవు, చెవులూ లేవు. "ఏం చేస్తోందత్తయ్యా?" అని అలవాటు చొప్పున కేకేసింది. అత్తగారికి అది వినబడనే లేదు.

ఆ వారమంతా అంతే. అత్తగారు ఏమీ అనలేదు. అబద్ధమాడావని అనలేదు, నిజం తెలిసిందని అనలేదు. ఆ అనకపోవడమే మిషనమ్మని తినేసింది. ఎడమవైపు ఉండాల్సిన చొక్కా జేబు కుడివైపు కుట్టి విప్పింది. విప్పి మళ్ళీ కుడివైపే కుట్టింది. బడి యూనిఫాం తీసుకోవడానికి వచ్చినావిడ కూడా "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అంది. ఆ మాట అత్తగారితో చెప్పుకునే దారి కూడా లేకపోయింది. ఇన్నాళ్ళూ ఇలాంటివి చెప్పిపెట్టింది ఆ టీవీ కోడలే కదా.

శనివారం మధ్యాహ్నం వెనకాల కుర్చీ కదిలింది. అత్తగారు లేచి వచ్చి మిషను బల్ల సొరుగు లాగి, దారపు కండెల మధ్య ఆ హెడ్‌ఫోను పెట్టి మూసేసింది. మళ్ళీ వెళ్ళి కూర్చుంది. గదిలోకి టీవీ మనుషుల గొంతులు వచ్చిపడ్డాయి. టీవీలో కోడలు ఏదో చెబుతోంది.

"ఏమందే?" అంది అత్తగారు.

మిషనమ్మ చేతిలో గుడ్డ జారింది. పరీక్ష పెడుతోంది కాబోలు అనుకుంది. ఈసారి అక్షరం పొల్లు పోకుండా చెప్పేసింది. "రేపు కోర్టుకి రానని చెప్పండి, అంటోందండీ."

"అది నాకూ తెలుసు. ఏమందే?"

"అదే అందండీ అత్తయ్యా, ఒట్టు!"

"నీ ఒట్టు మండ! ఆ మిల్లు హోరులో మేం ఒకళ్ళ మాట ఒకళ్ళం ఎలా తెలుసుకునేవాళ్ళం అనుకున్నావే? పెదాలు చూసే కదా! పొద్దున్నించీ పొద్దుగూకే దాకా పెదాలు చదివినదాన్ని. అదేమంటోందో చెవులతో వినాలిటే నేను?"

మిషనమ్మకి ఒక్కసారిగా కొట్లో కేక గుర్తొచ్చింది, నోరు కనిపించాలి నాకు, నోరు. ఆవిడకి వినబడేలా గొంతు పెంచింది. "అంటే... మంచినీళ్ళప్పుడు కూడా..."

"లాకరు అంది. నువ్వు మంచినీళ్ళన్నావు. మొదట ఒళ్ళు మండింది. తర్వాత చూస్తే, పొద్దుటి నుంచీ నువ్వు లేచిందే లేదు."

"మరి అన్నీ తెలిసి, ఇన్నేళ్ళూ నన్నెందుకు అడిగారత్తయ్యా?"

"అది ఏమంటుందో నాకెందుకే? నువ్వేమంటావో తెలుసుకుందామని. నేరుగా అడిగితే నువ్వు తలొంచుకుని గుడ్డ కుట్టేదానివి." అత్తగారు గొంతు కాస్త తగ్గించింది, అంటే ఎదురింటిదాకా కాకుండా గుమ్మం దాకా వినబడేలా. "వారం నుంచీ అది పెట్టుకుని చూశా. అందరూ మాట్లాడుతున్నారు. నువ్వే మాట్లాడట్లేదు."

మిషనమ్మకి కళ్ళు మసకబారాయి. వెనక్కి తిరిగితే ఏడ్చేస్తానని తెలుసు. అందుకని తిరగలేదు. జారిన చొక్కా తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుడివైపు కుట్టిన జేబు అలాగే ఉంది. కత్తెర కొసతో ఆ కుట్టు ఒక్కొక్కటే విప్పుతూ, గొంతు సవరించుకుని, వీధంతా వినబడేలా కేకేసింది.

"వారం నుంచీ తలనొప్పిగా ఉందత్తయ్యా, ఇవాళ టీ మీరు పెడితే తాగాలనుంది, అంటోందండీ!"

"పాపం," అంది అత్తగారు. కుర్చీ కిర్రుమంది. వంటింటి వైపు అడుగులు నడిచి, గుమ్మం దగ్గర ఆగాయి. "పంచదార ఎంత వెయ్యమందే?"