పరజల మీద కేక

ముందు మా అన్నయ్య గొంతు గురించి చెప్పాలి. పర్చూరు దగ్గర మా పల్లెలో ఆయన పొలం నుంచి వచ్చే వేళ ఇంట్లో ఎవరూ గడియారం చూసేవాళ్ళు కాదు. వీధి మలుపులోనే "ఏమేయ్! నీళ్ళు తోడావా?" అని కేక పెట్టేవాడు. వదిన లేచి పొయ్యి మీది వేణ్ణీళ్ళు బకెట్టులోకి తోడేది. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలి తోలి సంపాదించిన గొంతు అది. వడిసెల తిప్పడం ఆయనకు చేతనయ్యేది కాదు, రాయి ఎటో పోయేది. అందుకని అరుపుతోనే పని కానిచ్చేవాడు. సద్దన్నం తీసుకెళ్ళిన నేను మంచె కింద చెవులు మూసుకుని కూర్చునేదాన్ని.

తొంభైల చివర్లో ఒక ఏడు పచ్చపురుగు మా పత్తిని తినేసింది. ఏ మందు కొట్టినా చావలేదు. ఎండిన మొక్కల్ని పీకి గట్టున పోసిన రోజు నుంచి అన్నయ్యకు మాట పోయినట్టే అయింది. ఏమైనా అడిగితే "ఊఁ", ఒక్కోసారి అదీ లేదు. సాయంత్రం చప్పుడు లేకుండా పెరటి దారిన వచ్చి, తొట్టిలో చన్నీళ్ళు పోసుకుని, తిని పడుకునేవాడు. ఆ రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వింటున్న కబుర్లు మంచివి కావు. మిగిలిన పురుగుమందు డబ్బాలన్నీ వదిన పక్కింటి అటక మీద పెట్టించింది. 

నేనప్పుడు గుంటూరులో డ్రాయింగు టీచర్ని. ఒక పాత కెమెరా సంపాదించి, సెలవు దొరికితే చాలు పక్షుల వెంట పడేదాన్ని. మా వాళ్ళందరికీ అదొక పిచ్చి. మరుసటి చలికాలంలో ఒక రెండో శనివారం ఇంటికి వెళ్తే వదిన నన్ను పెరట్లోకి పిలిచింది.

"అమ్మాయ్, ఆ పిట్టల కాడికి మీ అన్నయ్యని కూడా తీసుకుపోవే. ఇక్కడుంటే పొద్దస్తమానం ఆ చేను వైపే చూస్తా కూర్చుంటన్నాడు."

అన్నయ్యను నేను బతిమాలలేదు. అది నాకు రాదు. "సంచి మొయ్యడానికి మనిషి కావాలి, చొక్కా వేసుకో" అన్నాను. "ఊఁ" అన్నాడు.

ఆ రాత్రికి వాడరేవులో తెలిసినవాళ్ళింట్లో పడుకుని, తెల్లవారుతుండగా మురుగుకాలువ కట్ట పట్టుకుని నడిచాం. సరుగుడు తోటలు దాటాక చెప్పులు చేతికొచ్చాయి. ఉప్పునీరూ వాననీరూ కలిసి నిలిచే ఆ చిత్తడి నేలను మా వైపు పర్ర అంటారు. మోకాళ్ళ దాకా బురద, నడుము దాకా తుంగ. దారి పొడుగునా నేను క్లాసు పీకుతూనే ఉన్నాను. తెల్ల తువ్వాలు ఊపకు, దగ్గొచ్చినా ఆపుకో, ఒక్క మాట కూడా మాట్లాడకు. ఏడాదిగా నోరు విప్పని మనిషికి మాట్లాడొద్దని చెప్పిన మహాతల్లిని నేను.

తుంగ చాటున కూర్చున్నాం. కొంగలు కనిపించాయి, ఒంటరి గూడబాతు ఒకటి నా వైపు చూసి మొహం తిప్పుకుంది. నాకు కావలసింది పరజలు, చలికాలంలో గుంపులుగా దిగే చిన్న బాతులు. అవి నీళ్ళ మీద వాలే క్షణం పట్టాలని నా ఆశ. రీలులో మిగిలినవి కొన్ని ఫొటోలే. ఎండ బుగ్గకు తగిలే వేళకు అవి వచ్చాయి. ఆకాశంలో ఒక చుట్టు తిరిగి, ఏటవాలుగా, మా ముందుకే దిగుతున్నాయి. నేను ఊపిరి బిగబట్టి బటన్ మీద వేలు పెట్టాను.

"హో... హో... హోయ్!"

పర్ర మొత్తం ఒక్కసారి పైకి లేచింది. పరజలు, కొంగలు, ఎక్కడ దాక్కున్నాయో బురదలో తిరిగే ఉల్లంకు పిట్టలు కూడా. నా వేలు దానంతటదే బటన్ నొక్కేసింది. తిరిగి చూస్తే అన్నయ్య బురదలో నిలబడి, చేతిలో మట్టిబెడ్డ పైకెత్తి ఉన్నాడు.

"బుద్ధుందా నీకు? ఇందుకా నిన్ను తీసుకొచ్చింది?" అని అరిచాను.

"అట్టా గుంపుగా దిగుతుంటే ఆగలేకపోయానే. చేలో పడ్డయ్యనుకున్నా."

"ఇక్కడ చేనెక్కడుంది?"

అన్నయ్య చుట్టూ చూశాడు. "లేదుగా! పాపం, ఊరికే బెదరగొట్టా" అని పెద్దగా నవ్వాడు.

ఇంకో తిట్టు అందుకోబోయి, అప్పుడు గ్రహించాను నేను విన్నదేమిటో. కెమెరా ఒళ్ళో పెట్టుకుని ఏడ్చేశాను. సంతోషంతోనే ఏడ్చాను. అన్నయ్య ఫొటో కోసమనుకున్నాడు.

"ఏడవబాకే. మళ్ళీ వస్తయ్యిలే. మన చేలో ఎన్నిసార్లు తోలితే అన్నిసార్లు రాలా?"

నిజంగానే వచ్చాయి. అవి దిగుతున్నంతసేపూ ఆయన తువ్వాలు నోట్లో కుక్కుకుని కూర్చున్నాడు. ఆ ఫొటోలు బాగానే వచ్చాయి. కానీ నా గోడ మీద ఉన్నది మొదటిదే. అన్నీ మసక రెక్కలు, ఒక మూల మట్టిబెడ్డ పట్టుకున్న చెయ్యి.

తిరుగు బస్సులో పర్చూరు ఇంకా రాకముందే అన్నయ్య, "ఈసారి ఆ చేలో జొన్న వేద్దామంటావా?" అన్నాడు.

"పిట్టలు తినిపోతాయి" అన్నాను, ఊరికే ఉండలేక.

"ఎట్టా తింటయ్యే, నేను లేనూ?"

ఆ మాటకు నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఊళ్ళో దిగేసరికి పొద్దు వాలుతోంది. వీధి మలుపు దగ్గర అన్నయ్య ఆగాడు. పెరటి దారి ఒకపక్క, వీధి ఒకపక్క. నేనూ ఆగాను. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఏమేయ్! నీళ్ళు తోడావా?"

ఇంట్లో గిన్నె ఏదో కింద పడింది. వదిన తడి చేతులతో వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి, "తోడుతున్నా, రా!" అంది. నేను ఆమె వెనకే పెరట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద అండాలో నీళ్ళు సలసల కాగుతున్నాయి.

"రోజూ చన్నీళ్ళే పోసుకుంటున్నాడుగా వదినా, ఇవి ఎవరికి?" అన్నాను.

వదిన నా వైపు చూడకుండా బకెట్టులోకి తోడుతూ, "పిలుస్తాడేమోనని రోజూ కాస్తానే ఉన్నా" అంది.