చెంచా పైకి లేచేదాకా

పత్రికల వీధిలో పుట్టిన నాలుగు వందల మంది పిల్లలను నిద్రపుచ్చింది ఒక్క మగవాడే. నాలుగు వందలు మరీ ఎక్కువంటే నలభై అనుకోండి. అంతకు మించి తగ్గించడం కుదరదు.

ఆయన సాయంకాలపు పత్రికలో మెషిన్‌మన్. అప్పట్లో ఆ వీధిలో ఆరు పత్రికలుండేవి. కింద అచ్చు యంత్రాలు, పైన పనివాళ్ల కాపురాలు. మధ్యాహ్నం రెండింటికి ఆయన యంత్రం కదిలిందంటే మేడంతా వణికేది. దూలాలకు కట్టిన ఉయ్యాలలు వాటంతటవే ఊగేవి. తల్లులు ఆ గంటసేపూ నడుం వాల్చేవారు.

ఒకసారి ఆయన మనవరాలికి జ్వరం. మూడు రోజులుగా కంటిమీద కునుకు లేదు. నిద్ర పడితేగాని గండం గడవదని డాక్టరు తేల్చేశాడు. ఆయన భార్య పైగది నేలలోని బెజ్జం గుండా ఒక చెంచాను దారంతో యంత్రం ముందుకు వేలాడదీసింది. పిల్ల కళ్లు మూతపడేకొద్దీ కాస్త కాస్త పైకి లాగుతుంది, నిద్రపోయాక పూర్తిగా లాగేసుకుంటుంది. అంతదాకా యంత్రం ఆగకూడదు. ఇంట్లో ఆమె మాటకు తిరుగులేదు.

సగం ప్రతులు పడ్డాక సబ్ ఎడిటరు పరుగెత్తుకొచ్చాడు. మంత్రి రాజీనామా చేశాడట. పోటీ సాయంకాలపు పత్రికలు రెండూ అప్పుడే మొదటి పేజీ మారుస్తున్నాయట.

"ఆపవయ్యా, కొంప మునుగుతోంది."

చెంచా అప్పటికి జానెడు పైకి లేచింది.

"ఉండండి బాబూ, ఇప్పుడిప్పుడే కళ్లు వాలుస్తోంది."

"ఎవరు?"

"మెషిను."

సబ్ ఎడిటరు వెళ్లి ఎడిటరునే వెంటబెట్టుకొచ్చాడు. ఆపకపోతే ఉద్యోగమూ, పైనున్న గదీ రెండూ పోయాయనుకోమన్నాడు ఎడిటరు. ఆయన బుద్ధిగా తలూపాడు; చూపు మాత్రం చెంచా మీదే. అది పైకప్పు బెజ్జంలోకి మాయమయ్యాకే మీట లాగాడు. అప్పటికి ఆఖరి ప్రతి కూడా పడిపోయింది.

పైకెళ్లి, చప్పుడు కాకుండా పెట్టె సర్దుకున్నాడు.

నాలుగింటికి మంత్రిగారే రేడియోలో, తన కుర్చీలో తాను నిక్షేపంగా కూర్చున్నానని చెప్పాడు. పోటీ పత్రికలకు తల కొట్టేసినట్టయింది. ఎడిటరు మేడమెట్లెక్కి వచ్చి, అనుభవమంటే ఇదీ అని గట్టిగా మొదలుపెట్టాడు.

"మెల్లగా పొగడండి బాబూ, పిల్ల లేస్తుంది" అంది ఆయన భార్య.

తర్వాత పత్రికలు ఒక్కొక్కటే ఊరి బయటికి తరలిపోయాయి. ఆ వీధి నిండా ఇప్పుడు ఫోన్ల కొట్లు. పైన, కదలని గదుల్లో పిల్లలు గుక్కపట్టి ఏడుస్తున్నారని వినికిడి.

ఇదంతా రాసి, చదివి వినిపిస్తే ఆయన తాపీగా కళ్లజోడు తుడుచుకున్నాడు.

"ఆ రోజు మీట బిగుసుకుపోయింది, అంతే. చెంచా లేదు, బెజ్జమూ లేదు. అసలు ఆ పిల్ల పగలు నిద్రపోయిన పాపాన పోలేదు."